మెమరీ లీకు: రాత్రి లెక్కలు నడిమధ్య ఏల ఆగిపోవును?

వరికోతల కాలములో సూర్యాపేట నుండి కోదాడకు గాని, మిర్యాలగూడకు గాని ప్రయాణము చేయువారికి రోడ్డు ప్రక్కన ఆరబోసిన ధాన్యము, కాంటా ముందు బారులు తీరిన ట్రాక్టర్లు, బస్తాలు కుట్టుచున్న హమాలీలు కనబడుట మామూలే. రైతు తన ధాన్యమును తూకము వేయించి, చీటీ తీసికొని ఇంటికి పోవును. ఆ తరువాత అతడు ఎదురుచూచునది ఒక్కటే: తన బ్యాంకు ఖాతాలో డబ్బు పడినదను కబురు. విత్తనాల దుకాణములో బాకీ, కోతమిషను కిరాయి, పిల్లల ఫీజు, అన్నియు ఆ కబురు మీదనే ఆధారపడి యుండును.

కాంటాకును ఖాతాకును నడుమ ఈనాడు కంప్యూటర్లు ఉన్నవి. పగలు కేంద్రములలో తూకము వివరములు ఒక వెబ్ అప్లికేషనులో ఎక్కించబడును. రాత్రి ఎవ్వరును లేని వేళ మరియొక ప్రోగ్రాము ఆ నాటి పద్దులన్నిటిని వరుసగా తీసి, లెక్క కట్టి, బ్యాంకులకు పంపవలసిన పట్టికను తయారుచేయును. ఇట్టి పనిని బ్యాచ్ పని అందురు. అది సరిగా నడచుచున్నంత కాలము దాని ఉనికి ఎవరికిని తెలియదు. కాని ఒకనాటి రాత్రి అది నడిమధ్యలో ఆగిపోయినచో, మరునాడు వేలమంది రైతులు ఫోను తీసి చూచుకొని నిరాశపడుదురు.

ఇట్లు ఆగిపోవుటకు గల కారణములలో తరచుగా కనబడునదియు, పట్టుకొనుటకు కష్టమైనదియు మెమరీ లీకు. దానిని కనుగొను విధమును ఈ వ్యాసములో పరిశీలింతము. ఇందు చెప్పబోవు రాత్రి లెక్క ఉదాహరణ కొరకు ఊహించినది మాత్రమే. ఏ కార్యాలయమునకును సంబంధించినది కాదు.

లీకు అను పేరు

లీకు అనగానే మనకు గండిపడిన కాలువయో, చిల్లుపడిన కుండయో తోచును. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల వారికి నాగార్జునసాగరు ఎడమ కాలువ పరిచితమే. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు నుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడెను. కాలువలో పారునీటిలో కొంత భాగము నేలలోనికి ఇంకిపోవును. అది కాలువకు నష్టము. నీరు బయటికి పోవుచున్నది.

కాని కంప్యూటరు మెమరీ నుండి ఏదియు బయటికి పోదు. ఇచ్చట జరుగునది గోనె సంచుల కథ వంటిది. ఒక కేంద్రములో వేయి గోనె సంచులు ఉన్నవనుకొందము. ధాన్యము నింపిన సంచులు మిల్లుకు పోయి, ఖాళీ అయి, తిరిగి రావలెను. వెళ్ళిన ప్రతి వందలో పది సంచులు మిల్లు గోదాములోనే ఒక మూల పడియున్నవనుకొనుడు. అవి పోలేదు, చిరుగలేదు. అయినను ఎవరికిని అక్కరకు రావు. మొదటి దినము ఎవరును గమనింపరు. కొన్నాళ్ళకు కేంద్రములో సంచులు లేక కాంటా ఆగిపోవును. మెమరీ లీకు అనగా ఇదియే: ప్రోగ్రాము తన పని కొరకు తీసికొన్న మెమరీని, పని తీరిన తరువాతను తిరిగి ఇయ్యకపోవుట.

తీసికొనుట, తిరిగి ఇచ్చుట

ప్రోగ్రాము ఒక పద్దును చదువునప్పుడు దానిని ఉంచుకొనుటకు మెమరీలో కొంత చోటు అడిగి తీసికొనును. సీ వంటి భాషలలో ఆ చోటును తిరిగి ఇచ్చు బాధ్యత ప్రోగ్రాము వ్రాసినవానిదే. అతడు మరచినచో లీకు ఏర్పడును.

ఈ భారమును మనుష్యుని మీదనుండి తొలగించుటకు అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్థీ లిస్ప్ అను భాష కొరకు ఒక ఉపాయమును కనిపెట్టెను. దానిని వివరించిన వ్యాసము 1960లో వెలువడెను. దీనికి గార్బేజ్ కలెక్షను, అనగా చెత్త ఏరివేత అని పేరు. ప్రోగ్రాము ప్రస్తుతము చేతిలో పట్టుకొనియున్న కొన్ని వస్తువులతో మొదలుపెట్టి, అవి చూపుచున్న వస్తువులను, ఆ వస్తువులు చూపుచున్న మరికొన్నిటిని ఇట్లు దారి వెంబడి పోయి, చేరగలిగిన వాటికెల్ల గుర్తు పెట్టుదురు. ఏ దారిని పోయినను చేరరానివి చెత్త. వాని చోటు తిరిగి వాడుకొనబడును. జావా, పైథాను, జావాస్క్రిప్టు మొదలైన నేటి భాషలన్నియు ఏదో ఒక రూపమున చెత్తను తామే ఏరుకొనును.

అట్లయిన ఈ భాషలలో లీకు ఉండరాదు గదా అని విద్యార్థి ప్రశ్నింపవచ్చును. ఇచ్చటనే కీలకమున్నది. ఏరువాడు చూచునది "ఈ వస్తువును చేరగలమా?" అని మాత్రమే, "ఈ వస్తువు ఇక పనికివచ్చునా?" అని కాదు. రెండవ ప్రశ్నకు సమాధానము ప్రోగ్రాము వ్రాసినవానికే తెలియును. పనితీరిన వస్తువును ఏదో ఒక మూలనున్న జాబితా ఇంకను పట్టుకొనియున్నచో, ఏరువాడు దానిని ముట్టడు.

పగలు కనబడని దోషము రాత్రి ఏల కనబడును?

వెబ్ అప్లికేషను పగలు చేయు పనులు చిన్నవి. ఒకరు చీటీ నెంబరు కొట్టుదురు, సెకనులో కొంత భాగమున జవాబు వచ్చును, పని ముగియును. అంతేకాక, కొన్ని వందల లేక వేల విన్నపములకు ఒకసారి పనిచేయు ప్రక్రియను ఆపి క్రొత్తదానిని మొదలుపెట్టు ఏర్పాటు అనేక సర్వర్లలో ఉండును. ప్రక్రియ ముగిసినంతనే అది పట్టుకొనియున్న మెమరీ అంతయు ఆపరేటింగ్ సిస్టముకు చేరును. కావున దోషమున్నను బయటపడదు.

బ్యాచ్ పని అట్లు కాదు. ఒకే ప్రక్రియ గంటలకొలది నడచును. ఇప్పుడు మన లెక్క చూతము. సూర్యాపేట పద్దులు 40,000, కోదాడవి 35,000, మిర్యాలగూడవి 45,000, మొత్తము 1,20,000 అనుకొందము. ప్రోగ్రాము మొదలైనప్పుడు 400 మెగాబైట్ల మెమరీ తీసికొనును. దానికి అనుమతింపబడిన హద్దు 2,000 మెగాబైట్లు. ప్రతి పద్దుకు 20 కిలోబైట్లు తిరిగి ఇయ్యకుండ మిగిలిపోవుచున్నవి. సులువు కొరకు మెగాబైటును 1,000 కిలోబైట్లుగా తీసికొందము.

ప్రోగ్రాము వ్రాసినవాడు 100 పద్దులతో పరీక్షించినచో మిగిలిపోవునది 2 మెగాబైట్లు. 400లో 2 పెరిగినదని ఎవరు గమనింతురు? పరీక్ష నెగ్గినట్లే. కాని రాత్రి పనిలో ఖాళీగానున్న 1,600 మెగాబైట్లను 20 కిలోబైట్ల చొప్పున భాగించినచో 80,000 వచ్చును. సరిగా 80,000 పద్దుల దగ్గర గోదాము నిండును.

తప్పు ఎవరిది?

సూర్యాపేట, కోదాడ పద్దులు కలిపి 75,000. కావున ప్రోగ్రాము మిర్యాలగూడ పద్దులలో 5,000వ దాని దగ్గర ఆగును. మరునాటి ఉదయము చూచినవారు ఏమనుకొందురు? "మిర్యాలగూడ పద్దులలో ఏదో తప్పున్నది" అందురు. అచ్చటి గుమాస్తాలకు ఫోనులు పోవును. వారు చీటీలన్నియు తిరిగి సరిచూచుకొందురు. తప్పేమియు కనబడదు. ఇది అత్త మీద కోపము దుత్త మీద చూపినట్లగును.

ఇంకొక చిక్కు కలదు. మెమరీ నిండినప్పుడు లినక్సు వంటి ఆపరేటింగ్ సిస్టము, మిగిలిన యంత్రమును కాపాడుటకై, ఎక్కువ మెమరీ పట్టుకొనియున్న ప్రక్రియను ఎంచి చంపివేయును. చంపబడిన ప్రోగ్రాము తన మరణ కారణమును తాను వ్రాసికొనజాలదు. దాని చిట్టాలో చివరి వాక్యము మామూలు వాక్యమే యుండును. కావున ఏ దోషసందేశమును లేక పని హఠాత్తుగా ఆగినచో, ప్రోగ్రాము చిట్టానే గాక ఆపరేటింగ్ సిస్టము చిట్టాను కూడ చూడవలెను.

శోధన మెట్లు

మొదటి మెట్టు కొలుచుట. ప్రతి 1,000 పద్దులకు ఒకసారి ప్రోగ్రాము తాను వాడుచున్న మెమరీని చిట్టాలో వ్రాయవలెను. మన ఉదాహరణలో 10,000 పద్దుల దగ్గర 600, 20,000 దగ్గర 800, 30,000 దగ్గర 1,000 మెగాబైట్లు కనబడును. గ్రాఫు కాగితముపై గీచినచో అది సరళరేఖ. దాని వాలు పద్దుకు 20 కిలోబైట్లు. ఈ ఒక్క సంఖ్య ఎంతో విలువైనది: పద్దు పద్దుకు ఏదో మిగిలిపోవుచున్నదని చెప్పుటయే గాక, ఎంత పరిమాణముగల వస్తువును వెదకవలెనో కూడ చెప్పుచున్నది.

పెరిగిన ప్రతి గీతయు లీకు కాదు. మొదట పెరిగి, తరువాత సమతలముగా నిలిచినచో ప్రోగ్రాము తనకు కావలసిన సామగ్రిని సమకూర్చుకొన్నదని అర్థము. రంపపు పండ్లవలె పైకి పోయి క్రిందికి దిగుచున్నచో చెత్త ఏరువాడు తన పని తాను చేయుచున్నాడు. అప్పుడు పండ్ల అడుగులను కలుపు గీతను చూడవలెను. అది సమముగా నున్నచో భయము లేదు. అడుగు గీత కూడ పైకి పోవుచున్నప్పుడే అనుమానింపవలెను. ఇక మొదటి నిమిషములోనే ఒక్కసారిగా పైకి లేచినచో, అది లీకు కాదు. 1,20,000 పద్దులను ఒకేమారు మెమరీలోనికి తెచ్చుకొన్నారన్నమాట. దానికి మందు వేరు: వేయేసి చొప్పున తెచ్చుకొనుట.

రెండవ మెట్టు వరుస మార్చి చూచుట. ఈసారి మిర్యాలగూడను ముందు, తరువాత సూర్యాపేటను, చివర కోదాడను పెట్టుడు. మిర్యాలగూడ 45,000 పద్దులును నిరాటంకముగా ముగియును. సూర్యాపేట పద్దులలో 35,000వ దాని దగ్గర పని ఆగును. మొత్తము మరల 80,000! నేరము ఊరిది కాదు, పద్దుల సంఖ్యదని తేలినది. మిర్యాలగూడ గుమాస్తా నిర్దోషి. ఏ పైసా ఖర్చులేని ఈ ప్రయోగమును చాలమంది చేయక మరచిపోవుదురు.

మూడవ మెట్టు రెండు చిత్రములను పోల్చుట. నేటి భాషలలో, ఒకానొక క్షణమున మెమరీలో ఏయే రకపు వస్తువులు ఎన్నెన్ని ఉన్నవో పట్టికగా తీయు పరికరములు ఉన్నవి. 10,000 పద్దుల దగ్గర ఒకసారి, 20,000 దగ్గర ఒకసారి, రెండు మారులును చెత్త ఏరివేత జరిపించిన పిమ్మట, ఆ పట్టికను తీయవలెను. కాలువలో నష్టమును కొలుచు ఇంజనీర్లు పై చోట ఒకసారి, క్రింది చోట ఒకసారి ప్రవాహమును కొలిచి తీసివేత చేయుదురు. ఇదియు అట్టిదే. ఒక్క పట్టిక ఏమియు చెప్పదు. రెండింటి భేదమే చెప్పును. మన ప్రోగ్రాములో "పద్దు" అను వస్తువులు రెండు చిత్రములలోను ఇంచుమించు 1,000 ఉన్నవి. వేయేసి చొప్పున తెచ్చి వదలుచున్నాము గనుక అది సహజము. కాని "కేంద్ర వివరములు" అను వస్తువులు మొదటి దానిలో 10,000, రెండవ దానిలో 20,000! ఉన్న కేంద్రములు మూడువందలనుకొందము. వాని వివరములు ఇరువది వేలు ఏల?

నాలుగవ మెట్టు "ఎవరు పట్టుకొనియున్నారు?" అని అడుగుట. అదే పరికరములు ఒక వస్తువు నుండి వెనుకకు నడచి, దానిని చూపుచున్న వస్తువును, దానిని చూపుచున్న దానిని కనుగొని, వ్రేళ్ళ దాక దారిని చూపగలవు. మన దారి ఒక నిఘంటువు వంటి పట్టిక దగ్గర ఆగినది. కేంద్రపు ధరలు, తేమ ప్రమాణము మొదలైన వివరములను మాటిమాటికి డేటాబేసు నుండి చదువుట దండుగ అని తలచి, ఒకసారి చదివినదానిని దాచిపెట్టుటకు ఆ పట్టిక ఏర్పరుపబడినది. ఆలోచన మంచిదే. కాని దాచునప్పుడు కేంద్రము నెంబరుకు బదులు చీటీ నెంబరును తాళపుచెవిగా వాడినారు. చీటీ నెంబరు ఎన్నడును మరల రాదు. కావున దాచినది ఎన్నడును పనికిరాదు, పారవేయుటయు జరుగదు. ఒక్క మాట పొరపాటు.

అయిదవ మెట్టు సరిదిద్ది మరల కొలుచుట. కేంద్రము నెంబరును వాడినచో 300 వస్తువులు, వస్తువుకు 20 కిలోబైట్లు, మొత్తము 6 మెగాబైట్లు. గీత 406 దగ్గర సమతలముగా నిలువవలెను. నిలిచినచో శోధన ముగిసినది. నిలువనిచో రెండవ దొంగ ఉన్నాడు. మరల మొదటి మెట్టు.

సాధారణముగా దాగియుండు చోట్లు

ఇట్టి లీకులు తరచు కొన్ని చోట్లనే దొరకును. హద్దులేని దాపుడు పట్టిక వానిలో ప్రథమము. డేటాబేసు పొర రెండవది. జావాలోని హైబర్నేటు అను ఉపకరణము తన సెషనులో చేరిన ప్రతి వస్తువును గుర్తుంచుకొనును. ఒకే సెషనులో లక్ష వరుసలను చేర్చబోయినచో సుమారు 50,000వ వరుస దగ్గర మెమరీ చాలక పని పడిపోవునని దాని కరదీపికయే హెచ్చరించినది. కొన్ని కొన్ని వరుసలకు ఒకసారి వ్రాయవలసినవి వ్రాసి, సెషనును ఖాళీ చేయుట దానికి మందు. పైథాను వారి జాంగోలో దోషశోధన స్థితిని తెరచియుంచినచో, నడిపిన ప్రతి ఎస్‌క్యూఎల్ వాక్యపు నకలును దాచబడుచుండును. అందుచేతనే అసలు పనికి దిగునప్పుడు ఆ స్థితిని మూయవలెనందురు.

మూడవది సంఘటనల చందాదారు. 2005 అక్టోబరులో అమెరికాలో డ్రైవరులేని కార్ల పందెము జరిగెను. ప్రిన్స్టను విశ్వవిద్యాలయ విద్యార్థుల కారు పది మైళ్ళయినను పోకముందే నిలిచిపోయెను. దాటిపోయిన అడ్డంకులను వారి ప్రోగ్రాము జాబితా నుండి తీసివేయుచునే యుండెను. కాని ఆ అడ్డంకి వస్తువులు ఒక సంఘటనకు చందాదారులుగా నమోదై యుండుటచే చెత్తగా లెక్కకు రాలేదు. పందెము ముగిసిన తరువాత పరికరముతో పరిశీలించి విద్యార్థులు ఈ సంగతి కనుగొనిరి.

అనుభవములు నేర్పిన పాఠములు

మెమరీ లీకు అప్లికేషనులకే గాక ప్రాణములకును సంబంధించిన విషయము కావచ్చును. లండన్ అంబులెన్సు సంస్థ 1992 అక్టోబరు 26న క్రొత్త కంప్యూటరు పద్ధతిని ప్రవేశపెట్టి, మొదటి దినములలోనే అనేక చిక్కుల పాలయ్యెను. పిమ్మట నవంబరు 4 తెల్లవారుజామున ఆ పద్ధతి మెల్లగించి, పూర్తిగా స్తంభించెను. విచారణలో తేలినదేమనగా, సుమారు మూడు వారముల క్రిందట చేర్చిన చిన్న ప్రోగ్రాము భాగము, అంబులెన్సును పంపిన ప్రతిమారును ఫైలు సర్వరులో కొంచెము మెమరీని తీసికొని తిరిగి ఇయ్యలేదు. కొంచెము కొంచెముగా మూడు వారములలో అంతయు నిండెను.

2012 అక్టోబరు 22న అమెజాను సంస్థవారి వెబ్ సేవలలో కలిగిన అంతరాయమును ఇట్టిదే. చెడిన ఒక సర్వరు బదులు క్రొత్తది పెట్టబడినది. కాని దాని చిరునామా అన్ని యంత్రములకు చేరలేదు. వివరములు పంపు ఒక చిన్న ప్రోగ్రాము పాత చిరునామాకే మరల మరల ప్రయత్నించుచు, ప్రయత్నమునకు కొంత చొప్పున మెమరీని కోల్పోయెను. పని సవ్యముగా నున్నంత వరకు ఆ దోషము నిద్రించుచుండెను. కావున మంచి దారినే గాక, తప్పిన దారిని కూడ పరీక్షింపవలెనను పాఠము దీనివలన లభించుచున్నది.

ప్రథమ చికిత్స, అసలు చికిత్స

"మెమరీ రెట్టింపు చేసిన పోలేదా?" అను ప్రశ్న సహజము. హద్దును 4,000 మెగాబైట్లు చేసినచో 3,600 ఖాళీగా నుండును. 1,80,000 పద్దుల వరకు పని సాగును. ఈ పంటకు గండము గడచును. మరుసటి పంటలో పద్దులు రెండు లక్షలైనచో మరల అదే చోటికి వత్తుము. వేయి పద్దులకు ఒకసారి ప్రక్రియను ఆపి క్రొత్తగా మొదలుపెట్టుట మరియొక ఉపాయము. రెండును ప్రథమ చికిత్సలే. తక్షణము రైతుకు డబ్బు చేరవలెను గనుక వానిని తప్పు పట్టరాదు. కాని అసలు చికిత్సను మానరాదు.

మరియొక జాగ్రత్త లీకుకంటె ముఖ్యమైనది. పని 80,000 దగ్గర ఆగినప్పుడు దానిని మొదటి నుండి నడిపినచో, ముందే పంపబడినవారికి రెండవసారి డబ్బు పోవునా? ఆగిన చోటు నుండి నడిపినచో, ఎవరైనను నడుమ తప్పిపోవుదురా? ప్రతి పద్దుకు "చెల్లింపు పంపబడినది" అను గుర్తును డేటాబేసులో వ్రాయుచు, అదే చీటీకి రెండవ చెల్లింపును నిరాకరించునట్లు ప్రోగ్రామును కట్టవలెను. అప్పుడు ఎన్నిసార్లు ఆగినను, ఎన్నిసార్లు మొదలైనను ఎవరికిని అన్యాయము జరుగదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

పాఠశాల కంప్యూటరు గదిలో పైథాను ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని ఒక పీరియడులో చూపవచ్చును. ఒక చక్రములో లక్ష మారులు చిన్న జాబితాను తయారుచేయించి వదలివేయుడు. తరువాత అదే చక్రములో ప్రతి జాబితాను బయటనున్న పెద్ద జాబితాలో చేర్పించుడు. 2014 నుండి పైథానుతోపాటు వచ్చుచున్న ట్రేస్‌మాలాక్ అను భాగముతో పదివేల మారులకు ఒకసారి మెమరీని కొలిపించి, విద్యార్థులచేత గ్రాఫు గీయింపుడు. మొదటిది ఇంచుమించు సమతలము, రెండవది వాలుగీత. వాలును కనుగొని, "యంత్రములో ఇంత చోటున్నచో ఎన్నవ మారున ఆగును?" అని అడుగుడు. సరళరేఖా సమీకరణము ఎందుకు నేర్చుకొనవలెనో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ శోధనలో యంత్రములకు ప్రత్యేకమైన విద్య కొంచెమే. మిగిలినది విజ్ఞానశాస్త్రమంతటికిని సమానమైన క్రమము: కొలుచుట, ఒక్కదానిని మాత్రమే మార్చి చూచుట, రెండు కొలతలను పోల్చుట, ఊహను పరీక్షకు నిలుపుట, సరిదిద్ది మరల కొలుచుట. పని ఎచ్చట ఆగినదో అచ్చటనే తప్పున్నదనుకొనుట మానవ సహజము. ఆ తొందరపాటును నిగ్రహించుకొన్నవాడే మిర్యాలగూడ గుమాస్తాపై నింద వేయక, చీటీ నెంబరు దగ్గర దాగిన పొరపాటును పట్టుకొనగలడు. రైతుకు రావలసిన కబురు మరుసటి రాత్రికైనను చేర్పగలడు.